పన్నెండో స్తంభం

రావిమెట్ల గుడిలో వాయవ్యమూల కప్పు కూలిపోయింది ఒక ఆదివారం పొద్దున, పూజ సగంలో ఉండగా.

అది యాభై ఆరులో, ఈస్టరు ముందు నలభై రోజుల తపస్సుకాలం. మిరపకాయ ఎండబెట్టే కాలం కూడా. రావిమెట్లలో ఈ రెండూ కలిసే వస్తాయి. ఊరి చుట్టూ ఎటు చూసినా నల్లరేగడి. వానకు జిగురు, ఎండకు బీటలు. గట్టిగా గచ్చు చేసిన నేల ఊరు మొత్తానికి గుడి ముందు ఆవరణ ఒక్కటే. అందువల్ల ఊళ్ళో సగం కాయ ఏటా అక్కడే ఎండేది. లోపల జనం తుమ్ముతూ జపమాల చెప్పుకునేవారు. ఆ ఏడే కొత్తగా వచ్చిన జోజప్ప ఫాదర్‌గారు తన మొదటి ప్రసంగంలో ఆడవాళ్ళంతా కొంగులతో కళ్ళొత్తుకోవడం చూసి, తన మాటలకు ఇంత బలం ఉందా అని లోలోపల సంతోషించారు. మరుసటి ఆదివారం తనకూ ముక్కు కారాక గానీ ఆయనకు సంగతి తెలియలేదు.

ఆ రోజు ఫాదర్‌గారు జనానికి వీపు పెట్టి, పీఠం వైపు తిరిగి, లాటిన్‌లో పూజ చేస్తున్నారు. పెంకు మీద టప్పున ఒక చినుకు పడింది. కాసేపటికి ఇంకొకటి. గుడిలో ఎవరూ నోరు విప్పలేదు. అంత భక్తి ఉంది. కానీ మూడో చినుకుకల్లా మగవాళ్ళు కుడి తలుపులోంచీ, ఆడవాళ్ళు ఎడమ తలుపులోంచీ, పిల్లలు కాళ్ళ సందుల్లోంచీ బయటికి జారిపోయారు. పూజలో సహాయం చేసే కుర్రాడు కూడా గంట మెల్లగా కింద పెట్టి వెళ్ళిపోయాడు. వాళ్ళకూ కాయ ఉంది.

"దోమినుస్ వోబీస్కుం" అంటూ ఫాదర్‌గారు చేతులు చాచి జనం వైపు తిరిగారు. ప్రభువు మీతో ఉండుగాక అని దాని అర్థం. తీరా చూస్తే ఎవరితో ఉండాలో తెలియలేదు. గుడిలో ఇద్దరే ఉన్నారు. ఒకరు ఊళ్ళో రైతు చిన్నపరెడ్డి తల్లి జోజమ్మ. ఆమెకు చెవుడు, వాన వినపడలేదు. రెండోవారు మిషన్ బడి ఇన్నయ్య మాస్టారు. ఆయనకు కాయ లేదు.

మాస్టారు లేచి నిలబడి, జనం అందరి తరఫునా, స్పష్టంగా, "ఎత్ కుం స్పిరితూ తువో", మీ ఆత్మతోనూ ఉండుగాక, అని జవాబు చెప్పారు.

ఆ మాటతో ఎడమవైపు చివరి మూలలో వాసాలూ పెంకులూ భళ్ళున కూలి గచ్చు మీద పడ్డాయి. దుమ్ము పీఠం దాకా వచ్చింది. జోజమ్మ తల తిప్పి, "గంట కొట్టారా మాస్టారూ?" అని అడిగింది.

కాయ కుప్ప చేసి, గోనెలు కప్పి, ఊరంతా మళ్ళీ లోపలికి వచ్చి చూసింది. కూలిన చోటే ఎప్పుడూ గుడిలో తమ పేరున స్తంభాలు లేని ఇళ్ళ ఆడవాళ్ళు కిక్కిరిసి కూర్చుంటారు. వాన రాకపోతే ఎంతమంది పోయేవారో. పూజ మధ్యలో లేచిపోయినందుకు ఫాదర్‌గారు గట్టిగా చీవాట్లు పెడదామనుకున్నారు గానీ, అలా లేచిపోబట్టే బతికారని చిన్నపరెడ్డి ముందే అనేశాడు.

మాస్టారు కూలిన మూలకు వెళ్ళి నిలబడ్డారు. అక్కడ కప్పును మోసింది స్తంభం కాదు, ఒక తాటిమొద్దు. అడుగున చెద తినేసింది. అది అడ్డంగా పడి ఉంది. దానికి ఒకచోట, కూర్చున్న మనిషి భుజం ఆనేంత ఎత్తులో, నునుపు దేరిన మచ్చ ఉంది. ఆయన భార్య ఆరోగ్యమ్మ ఆనుకున్న చోటు అది.

స్తంభం ఉండాల్సిన చోట తాటిమొద్దు ఎందుకుందో చెప్పాలి. గుడి కట్టించింది దేశం కాని దేశం నుంచి వచ్చిన ఒక గురువు. ఊళ్ళో ఆయన్ని గడ్డం స్వామి అనేవారు. అటు ఆరు, ఇటు ఆరు, గుండ్రటి స్తంభాల మీద గుడి లేవాలని ఆయన గీసుకున్నాడు. క్రీస్తు పన్నెండుమంది శిష్యులకు పన్నెండు స్తంభాలు. ఇంటికొక శిష్యుణ్ణి తీసుకుని, ఆ స్తంభం కట్టించి, పైన శిష్యుడి పేరూ కింద తమ ఇంటి పేరూ చెక్కించుకోమన్నాడు. జనం ఎగబడ్డారు. పేతురును ఇక్కడి కథోలికులు రాయప్ప అంటారు. పీఠం పక్కన మొదటి స్తంభం రాయప్పగారిది, దాన్ని ఊరిపెద్ద రాయపరెడ్డి తాత పట్టేశాడు. మిగతావి కూడా వారంలో అయిపోయాయి. పన్నెండోది మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అది యూదా ఇస్కరియోతుది.

గడ్డం స్వామి తన వచ్చీరాని తెలుగులో ఎంతో చెప్పాడట. ప్రభువును పట్టించినవాడు పోయాక ఆ స్థానంలో మత్తీయ అనే మంచివాణ్ణి ఎన్నుకున్నారనీ, స్తంభం ఆ మత్తీయదనీ. రైతులు ఒప్పుకోలేదు. "పదవి మారింది గానీ చోటు అదేగా స్వామీ" అన్నారట. ఒకడు ఇంకో అడుగు ముందుకు వేసి, "మత్తయి ముందే ఉన్నాడు, మళ్ళీ ఈ మత్తీయ ఎవరు? వెండికాసులకి ప్రభువును అమ్మినవాడికి మీరు పెట్టిన మారుపేరు కాదూ?" అన్నాడట. ఈలోగా స్వామిని పైవాళ్ళు వేరే ఊరికి పంపారు. కప్పు ఆగాలి కనుక తాటిమొద్దు నిలబెట్టారు. తాత్కాలికమే అన్నారు. నలభై ఏళ్ళు ఉంది.

పదకొండు స్తంభాలతో ఊరు తన మర్యాదలు తాను ఏర్పరచుకుంది. ఎవరి స్తంభం దగ్గర వాళ్ళే కూర్చోవాలి. ప్రసంగం సాగినప్పుడు ఎవరి స్తంభానికి వాళ్ళే ఆనుకుని నిద్రపోవాలి. ఆడవాళ్ళు కూర్చునేది ఎడమవైపు కనుక, ఎడమ వరుసలో స్తంభాలున్న ఇళ్ళలో ఆడవాళ్ళకే ఆనుకునే హక్కు. ఆ ఇళ్ళ మగవాళ్ళు కుడివైపు నడిమధ్యలో నిటారుగా కూర్చుని నడుంనొప్పి తెచ్చుకునేవారు. పెళ్ళి కుదిరితే స్తంభానికి మామిడితోరణం కట్టాలి. ఇంట్లో మనిషి పోతే, శవపేటిక గుడిలో ఉన్నంతసేపూ స్తంభానికి తెల్లగుడ్డ చుట్టాలి. ఏడాది పూజనాడు మళ్ళీ ఒకసారి చుట్టాలి.

ఆరోగ్యమ్మ పిడుగురాళ్ల పిల్ల. పెళ్ళయి రావిమెట్ల వచ్చిన మొదటి ఆదివారం, ఈ మర్యాదలేవీ తెలియక, ఎడమ వరుసలో అయిదో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. అది చిన్నపరెడ్డిగారిది. జోజమ్మ వచ్చి, "ఈ స్తంభం మాది తల్లీ, జరుగు" అంది. ఆమె నవ్వుతూ జరిగి, చివర తాటిమొద్దు దగ్గర కూర్చుంది. ఇంటికి వచ్చాక, "ఏమండీ, మన స్తంభం ఏదీ?" అని అడిగింది. మాస్టారికి పొలం లేదు, స్తంభమూ లేదు. ఆ మాటే చెప్పారు. "పోనీలెండి, మొద్దు దగ్గర గాలి బాగా వస్తోంది" అంది.

కిందటి వైశాఖంలో ఆమె జ్వరంతో పోయింది. మాస్టారు చీరాల నేతగుడ్డ ఒకటి తీసుకుని గుడికి వచ్చారు. తాటిమొద్దు దగ్గరికి నడుస్తుంటే రాయపరెడ్డి మెల్లగా భుజం పట్టుకున్నాడు. "ఆ మొద్దుకి వద్దు మాస్టారూ. ఆ చోటు ఎవరిదో తెలుసుగా. మంచిమనిషి ఆవిడ" అన్నాడు. అన్నది ప్రేమతోనే. మాస్టారు గుడ్డ మడిచి ఇంటికి పట్టుకుపోయారు. పెట్టెలో పెట్టారు.

కప్పు కూలేనాటికి ఆమె ఏడాది పూజ ఇంక రెండు నెలలు ఉంది.

కప్పు కూలిన మరుసటి ఆదివారం ఫాదర్‌గారు పెద్దల్ని కూర్చోబెట్టి మాట్లాడారు. పన్నెండో స్తంభం లేపకపోతే మిగతా కప్పు కూడా దాని వెనకే పోతుందనీ, ఏదో ఒక ఇల్లు ముందుకు రావాలనీ అన్నారు. అందరూ ఒక్కసారిగా తలలెత్తి వాసాలు చూడటం మొదలుపెట్టారు.

"రాయపరెడ్డిగారూ, మీరు?"

"మాకు రాయప్పగారు ఉన్నారుగదండీ. ఆయన్ని చూసుకునేసరికే తలప్రాణం తోకకొస్తంది."

"చిన్నపరెడ్డిగారూ?"

చిన్నపరెడ్డి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "నన్ను మాత్రం అడగొద్దు ఫాదర్‌గారూ. ఒక యూదాతోనే నేను వేగలేకపోతున్నా."

ఆయన బాధ ఊరందరికీ తెలుసు. వాళ్ళ అయిదో స్తంభం యూదా తదేయుది. ఈ యూదా మంచివాడు, పునీతుడు. కానీ పండక్కి వచ్చే చుట్టాలు స్తంభం మీద మొదటి మాట చదివి, రెండో మాట చదవకుండా చిన్నపరెడ్డి ముఖం కేసి చూసేవారు. "తదేయు అండీ, తదేయు. వాడు వేరు, ఈయన వేరు" అని చెప్పీ చెప్పీ ఆయన జుట్టు నెరిసింది.

"నేను కట్టిస్తానండి" అన్నారు ఇన్నయ్య మాస్టారు.

వాసాల నుంచి తలలన్నీ దిగాయి.

"ఎవరి పేరు మీద మాస్టారూ?" అన్నాడు రాయపరెడ్డి.

"ఆరోగ్యమ్మ పేరు మీదండి."

చిన్నపరెడ్డే అందుకున్నాడు. "మాస్టారూ, కోప్పడకండి. ఆవిడ దేవతలాంటి మనిషి. పైన వాడి పేరు, కింద ఆవిడ పేరా? చదివినోళ్ళు ఏవనుకుంటారు?"

"ఈ ఊళ్ళో చదివేవోళ్ళు ఎంతమందిరా? ఆ లెక్క కూడా మాస్టార్నే అడగాలి" అన్నాడు రాయపరెడ్డి.

"నువ్వూరుకో బావా. నీకేం, పీఠం పక్కన కూర్చుని ఎన్నయినా చెప్తావు. అనుభవించేవోణ్ణి నేను."

"ఆమె అక్కడే కూర్చునేదండి" అన్నారు మాస్టారు. ఫాదర్‌గారు ఆయన ముఖం ఒకసారి చూసి, "కట్టండి మాస్టారూ. పేరు సంగతి తర్వాత" అన్నారు.

పిడుగురాళ్లలో ఆరోగ్యమ్మ అన్నదమ్ములకు సున్నపు బట్టీ ఉంది. కబురు అందిన వారంలో రెండు బండ్ల కాల్చిన సున్నం తోలుకొచ్చి, గుడి వెనక దింపి, బావను పలకరించి, అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయారు. తింటే ఏడవాల్సి వస్తుందని కాబోలు. ఇటుక పాత బడిగోడది. ఇసుక మోసింది స్తంభాలు లేని ఇళ్ళవాళ్ళు. వాళ్ళను ఎవరూ పిలవలేదు. పొలం నుంచి వచ్చే దారిలో తలా ఒక తట్ట తెచ్చి పోసి పోయేవారు.

మేస్త్రీ బుడే సాహెబ్. గడ్డం స్వామి దగ్గర పనిచేసింది ఆయన తాతే. నేల తవ్వుతుంటే రేగడి కింద రాతి పునాది ఒకటి తగిలింది. బుడే సాహెబ్ గుంటలోంచే కేక వేశాడు. "మాస్టారూ! మా తాత పన్నెండుకీ పునాది తీశాడండీ. మీవోళ్ళ గొడవ పాపం ఆయనకేం తెలుసు!"

సున్నం రుబ్బే గానుగలో ఎద్దు తిరుగుతోంది. సున్నం, ఇసుక, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు. బెల్లం దగ్గర జోజమ్మ కాపలా కూర్చుంది. ఆమెను ఎవరూ పెట్టలేదు. బెల్లం ఉన్నచోట ఒక పెద్దమనిషి ఉండాలని ఆమె ఉద్దేశం.

"ఏం సాయిబూ, బెల్లం సున్నానికా, నీ టీలోకా?"

"రెండిటికీనమ్మా."

"ఆఁ?"

"రెండిటికీ! నేను గట్టిగా ఉంటేనే స్తంభం గట్టిగా ఉంటది!"

ఈ మాట జోజమ్మకు వినపడేలా అరవడంతో బజారంతా వినపడింది. ఆ సాయంత్రానికి మేస్త్రీ అచ్చు బెల్లం మొత్తం తిన్నాడని ఊళ్ళో చెప్పుకున్నారు. మాస్టారు బడి వదలగానే వచ్చి గానుగ పక్కన నిలబడేవారు. సున్నం చిటికెడు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసేవారు. సున్నం నాణ్యం ఆయనకు తెలియదు. ఆరోగ్యమ్మ ఇంటికి సున్నం కొట్టేముందు అలా చూసేది.

ఉగాది దాటిన రెండు వారాలకు స్తంభం లేచింది. నున్నటి గులకరాయితో రుద్దీ రుద్దీ బుడే సాహెబ్ దానికి వెన్నముద్ద లాంటి మెరుపు తెచ్చాడు. పేర్ల కోసం రెండు నాపరాయి పలకలు, పైన ఒకటి, కింద ఒకటి, పొదిగి వదిలాడు. ఊరంతా వచ్చి తాకి చూసింది. చిక్కేమిటంటే, దీని పక్కన మిగతా పదకొండూ తేలిపోయాయి. రేగడి నేల కదలికకు అవి ఎప్పుడో తలా ఒక దిక్కుకు ఒరిగాయి. నలభై ఏళ్ళుగా అందరూ కలిసి ఒరగడంతో ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు నిటారుగా ఒకటి వచ్చి నిలబడేసరికి బయటపడింది.

"రాయప్పగారు కూడా ఒరిగాడేంట్రా?" అన్నాడు రాయపరెడ్డి దిగులుగా.

చిన్నపరెడ్డి మాత్రం కొత్త స్తంభం చుట్టూ ఒకసారి తిరిగాడు. మర్నాడు వచ్చి మళ్ళీ తిరిగాడు. మూడోనాడు తిన్నగా మాస్టారి ఇంటికి వచ్చాడు.

"మాస్టారూ, ఒక ఆలోచన వచ్చింది. పన్నెండో స్తంభం ఆ ద్రోహిదని ఎవరన్నారు? చిన్నప్పగారిది అనుకుందాం."

పౌలును ఇక్కడ చిన్నప్ప అంటారు. చిన్నపరెడ్డికి పెట్టింది ఆ పునీతుడి పేరే.

"పౌలు ఆ పన్నెండుమందిలో లేడు కదండీ" అన్నారు మాస్టారు.

"లేకపోతే ఏం? రాయప్ప చిన్నప్పలకి పండగ ఒకే రోజు చేస్తన్నామా లేదా? అటు మొదటిది రాయప్ప, ఇటు చివరిది చిన్నప్ప. గుడి బిగిసినట్టుంటది. నా పేరింటి పునీతుడు గనక అది నాకొదిలెయ్యండి. బదులుగా మా అయిదోది మీరు తీసుకోండి. నాది అసలు సిసలు శిష్యుడు. పైగా తయారుగా ఉంది. పాతదే అయినా మంచిది."

"ఆలోచించుకుంటానండి."

"ఆలోచించేదేముంది? వచ్చే వారం మావాడి పెళ్ళి. తోరణం కొత్తదానికే కడదామని ఇంట్లో చెప్పేశా."

సాయంత్రానికల్లా ఊళ్ళో అందరికీ తెలిసింది. అందరికీ నచ్చింది. మాస్టారికి పేరున్న స్తంభం వస్తుంది, చిన్నపరెడ్డికి యూదా బాధ తప్పుతుంది, పన్నెండో స్తంభానికి మంచి పునీతుడు దొరుకుతాడు. ఇంత న్యాయమైన ఏర్పాటు గుడి పుట్టాక జరగలేదన్నారు. రాయపరెడ్డి బడికే వచ్చి, "ఒప్పేసుకోండి మాస్టారూ, ఆవిడ పేరు తదేయుగారి కింద చక్కగా ఉంటది" అన్నాడు. ఫాదర్‌గారు కూడా, మత్తీయ మాట ఎవరూ వినడం లేదన్న విసుగులో, "మీ ఇష్టం మాస్టారూ" అన్నారు.

అయిదో స్తంభం దగ్గరి నుంచి ఆమెను ఒకసారి జరగమన్నారని మాస్టారు ఎవరితోనూ అనలేదు. అనుకుంటే ఎంత చిన్న సంగతి. చెబితే ఇంకా చిన్నదవుతుంది. ఆయన తల ఊపి ఊరుకున్నారు. దాన్ని అందరూ ఒప్పుకోవడమే అనుకున్నారు.

ఏడాది పూజ గురువారం పడింది. పొద్దున గుడి తలుపులు తీసేసరికి మాస్టారు మెట్ల మీద ఉన్నారు. లోపలికి వెళ్ళి, పెట్టెలో ఏడాది పాటు ఉన్న గుడ్డ మడతలు విప్పి, కొత్త స్తంభానికి చుట్టడం మొదలుపెట్టారు. ఒక్క మనిషి చుట్టే పని కాదది. ఒక కొస గడ్డం కింద నొక్కిపెట్టి, స్తంభాన్ని కావలించుకుని, రెండో చేత్తో అందుకుంటూ తిరిగారు. ఆ సమయంలోనే చిన్నపరెడ్డి మామిడితోరణం భుజాన వేసుకుని తల్లితో సహా పక్కతలుపులోంచి వచ్చాడు. పూజకు జనం రాకముందే కట్టేద్దామని ఆయన ఆలోచన.

"ఏంది మాస్టారూ ఇది?"

మాస్టారు గడ్డం కదపకుండా, "గుడ్డండి" అన్నారు.

"అది కనపడతానే ఉంది. ఒక్క మాట ముందు చెప్పొచ్చుగా!"

"చెబితే మీరు బుధవారమే తోరణం కట్టేవారు."

అది నిజమే. తెల్లగుడ్డ చుట్టిన స్తంభానికి పెళ్ళితోరణం కట్టినవాడు రావిమెట్లలో లేడు. ఎవరి గుడ్డ పడిందో స్తంభం వాళ్ళది, అంతే. అది ఎక్కడా రాసి లేదు, ఎవరూ కాదనరు. చిన్నపరెడ్డి తోరణాన్ని భుజం మీంచి తీసి, ఏం చెయ్యాలో తెలియక, మళ్ళీ భుజం మీదే వేసుకున్నాడు.

జోజమ్మ మెల్లగా నడిచి వచ్చింది. జారుతున్న గుడ్డ కొసను పట్టుకుని, లోపలి మడతలోకి దోపింది. స్తంభాన్ని అరచేత్తో తడిమింది. అక్కడే గచ్చు మీద చతికిలబడి, వీపు ఆనించుకుంది.

"చల్లగా ఉంది" అంది. చెవిటివాళ్ళు మాట్లాడినట్టే గట్టిగా అంది. "ఒరేయ్, ఆ తోరణం పట్టుకెళ్ళి మనదానికి కట్టు. ఇక్కడ ఆరోగ్యమ్మ ఉంది."

మాస్టారు స్తంభం మాది, జరగండి అని అనలేదు. పూజ మొదలయ్యాక ఆమె దాని మీదే తల వాల్చి నిద్రపోయింది. స్తంభాలు లేని ఇళ్ళ ఆడవాళ్ళు ఆమె చుట్టూ ఎప్పటిలా సర్దుకున్నారు. పైన పెంకు ఇంకా కప్పలేదు కనుక ఎండ తిన్నగా వాళ్ళ మీద పడింది. చిన్నపరెడ్డి అయిదో స్తంభానికి తోరణం కట్టి, పక్కన ఎవరూ అడగకపోయినా, "తదేయు అండీ" అన్నాడు.

ఏడాది పూజ అయింది. పెళ్ళి కూడా అయింది. వానలకు ముందే కప్పు వేశారు. కానీ పైపలక మీద ఏ పేరు పెట్టాలో తేలలేదు. ఫాదర్‌గారు మత్తీయ అంటారు. రాయపరెడ్డి చిన్నప్ప అంటాడు. చిన్నపరెడ్డి ఇప్పుడు వద్దంటాడు, గుడ్డ పడ్డ స్తంభం మీద తన పేరేంటని. కొందరు పునీత అంతోనివారి పేరు పెట్టమన్నారు. మేత్రాణులవారు, అంటే బిషప్పుగారు, వచ్చినప్పుడు అడుగుదామన్నారు. ఆయన రెండుసార్లు వచ్చి వెళ్ళారు. రెండుసార్లూ కాయ ఎండబెట్టే కాలమే, తుమ్ములతోనే సరిపోయింది. పై పేరు పడనిదే కింది పేరు చెక్కకూడదని గుడి మర్యాద.

ఆరోగ్యమ్మ పేరు ఇంకా చెక్కలేదు.